మందు కాదు, ఒంటికి మంచిది: సియోల్‌లో చూసిన ఒక రొమ్ము క్యాన్సర్ కేసు

విజయవాడలో పదేళ్లు మెడికల్ ఆంకాలజిస్టుగా పనిచేశాక, 2022 మార్చి నుంచి ఏడాదిన్నర పాటు సియోల్‌లోని ఒక బోధనాసుపత్రిలో రొమ్ము క్యాన్సర్ విభాగంలో విదేశీ ఫెలోగా ఉన్నాను. అక్కడ నా సంతకంతో మందు రాసే అధికారం నాకు లేదు. ప్రొఫెసర్ పక్కన కూర్చుని చూడటం, రోగి చరిత్ర రాసుకోవడం, డే కేర్‌లో కీమో ఎక్కించుకుంటున్నవాళ్లతో కబుర్లు చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. నా కొరియన్ భాష కూడా అంతంత మాత్రం. రోగి నిదానంగా మాట్లాడితే అర్థమయ్యేది, రోగి భర్త గబగబా మాట్లాడితే నర్సు ముఖం చూసేదాన్ని. ఈ కేసులో అసలు సంగతి బయటపడింది ఆ కబుర్ల దగ్గరే కాబట్టి ఇదంతా ముందే చెబుతున్నాను. రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చాను.

ఆవిడకు 46 ఏళ్లు. ట్యూషన్ సెంటర్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతారు. కొరియాలో నలభై దాటిన మహిళలకు ప్రభుత్వం రెండేళ్లకోసారి మామోగ్రామ్ తీయిస్తుంది. సరి సంవత్సరంలో పుట్టినవాళ్లకు సరి సంవత్సరంలో, బేసిలో పుట్టినవాళ్లకు బేసిలో. 1976లో పుట్టిన ఈ లెక్కల టీచరుకు 2022లో వంతు వచ్చింది. సెప్టెంబరులో తీసిన మామోగ్రామ్‌లో ఎడమ రొమ్ములో నీడ, అల్ట్రాసౌండ్‌లో గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ తేలాయి. అక్టోబరులో రొమ్మును ఉంచి గడ్డ మాత్రం తీశారు. గడ్డ 2.3 సెంటీమీటర్లు, గ్రేడ్ 2. మొదట తీసిన చంక గ్రంథులు మూడింటిలోనూ జబ్బు కనిపించడంతో మిగతావీ తీశారు, మొత్తం 15. ఆ మూడింటికి మించి పాకలేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు రెండూ పాజిటివ్, హెర్-2 నెగెటివ్. నెలసరి ఇంకా వస్తోంది. డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి మూడు వారాలకోసారి నాలుగు విడతలు, తర్వాత డోసిటాక్సెల్ నాలుగు విడతలు, రేడియేషన్, ఆపైన హార్మోన్ మాత్రలు. వైద్యం పరంగా ఇందులో తల పట్టుకోవాల్సింది ఏమీ లేదు.

కీమో మొదలుపెట్టడానికి మాత్రం ఆవిడ ఒక షరతు పెట్టారు. కొడుకు ఆఖరి ఏడాది హైస్కూల్లో ఉన్నాడు. నవంబరు 17న సునుంగ్, అంటే కాలేజీ ప్రవేశ పరీక్ష. ఆ రోజు పరీక్షలో ఇంగ్లిషు వినే భాగం జరుగుతున్నంతసేపూ దేశంలో విమానాలు ఎగరవు, దిగవు. అంతటి పరీక్ష ముందు అమ్మకు క్యాన్సరని వాడికి తెలియకూడదు. ఆపరేషన్‌ను కూడా ‘చిన్న గడ్డ’ అని చెప్పి దాటించారు. ఇంట్లో ఇంటర్ పిల్లలున్న మన రోగులను చూసినదాన్ని కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు. నవంబరు 21న మొదటి విడత ఎక్కించాం.

ఇక్కడ కొంచెం ఆగి, కొరియాలో రెండు వైద్యాలు ఎలా నడుస్తాయో చెప్పాలి. అక్కడ రెండు రకాల డాక్టర్లున్నారు. మనలాంటివాళ్లు ఉయిసా, సంప్రదాయ వైద్యులు హనుయిసా. వాళ్లవీ ఆరేళ్ల చదువు, జాతీయ పరీక్ష, లైసెన్సు, స్పెషలిస్టు శిక్షణ. తమ శాస్త్రం పేరులోని ‘హన్’ అక్షరాన్ని 1986లో చైనాను సూచించే అక్షరం నుంచి కొరియాను సూచించే అక్షరానికి మార్చుకున్నారు. పలకడానికి రెండూ ఒకటే. 1987 నుంచి జాతీయ ఆరోగ్య బీమా సూదులకు (ఆక్యుపంక్చర్), ఒంటికి గిన్నెలు అతికించే కప్పింగుకు, మాచిపత్రి కాల్చి వేడి పెట్టే మోక్సాకు, కొన్ని మందుపొడులకు డబ్బు కడుతోంది. మూలికలు కాచి ఇచ్చే కషాయానికి, అంటే హన్యాక్‌కు, కొన్ని జబ్బులకు పెట్టిన ప్రయోగాత్మక పథకం తప్పిస్తే రోగి జేబులోంచే పోతుంది. వాళ్ల మూలగ్రంథం దోంగ్‌ఉయ్ బోగామ్. రాజవైద్యుడు హో జున్ 1610లో పూర్తి చేసిన 25 సంపుటాలవి. 2009లో యునెస్కో జాబితాకెక్కాయి. మన ఆయుర్వేద వైద్యులు చరకుణ్ణి తలచుకున్నట్టే వాళ్లు హో జున్‌ను తలుస్తారు.

ఈ ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. 2022 డిసెంబరు 22న, ఈవిడ రెండో విడతకు మూడో విడతకు మధ్య, హనుయిసాలు అల్ట్రాసౌండ్ వాడటం నేరం కాదని కొరియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులోని హనుయిసా ఒకే రోగికి 68 సార్లు అల్ట్రాసౌండ్ తీసి కూడా గర్భాశయంలోని క్యాన్సర్‌ను పట్టుకోలేకపోయారు. మర్నాడు మా విభాగం టీ గదిలో ఎవరి నోట విన్నా అదే. మా ప్రొఫెసర్ సౌమ్యుడు, ఎన్నడూ గొంతు పెంచరు. ఆ వారం మాత్రం ప్రతి రోగికీ ‘హన్యాక్ ముట్టుకోవద్దు, కాలేయం పోతుంది’ అని కొంచెం గట్టిగానే చెప్పారు. కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా చెప్పారు. కొరియాలో ఒక నానుడి ఉంది: మూడు గంటలు ఎదురుచూడటం, మూడు నిమిషాలు డాక్టరు. ఆ మూడు నిమిషాల్లో ఈ ఒక్క వాక్యానికి పట్టేది నాలుగు సెకన్లు.

లెక్కల టీచరు ఆ మాట అక్షరాలా విన్నారు. ఆపరేషన్ అయ్యాక నీరసానికని వీధి చివరి హనుయివన్‌లో, అంటే హనుయిసా క్లినిక్‌లో, నెలకు మూడున్నర లక్షల వోన్లు పెట్టి హన్యాక్ కాయించుకుని తాగుతున్నారు. మాకు చెప్పలేదు. ప్రొఫెసర్ మాట విన్న సాయంత్రమే మానేశారు. అదీ మాకు చెప్పలేదు.

జనవరి 22న సొల్లాల్, చాంద్రమాన సంవత్సరాది. 26న నాలుగో విడత. ఆ రోజు రక్తపరీక్షలో ఏఎల్‌టీ, అంటే కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, 34. కీమోకు ముందు 19 ఉండేది, పైహద్దు 40, కంగారు లేదు. ఫిబ్రవరి 16న మొదటి డోసిటాక్సెల్ కోసం వచ్చారు. ఏఎల్‌టీ 214. అలాంటిదే మరో ఎంజైము ఏఎస్‌టీ 158. బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉన్నాయి. డోసిటాక్సెల్‌ను వదిలించేది కాలేయమే. అది దెబ్బతిని ఉండగా ఎక్కిస్తే తెల్లకణాలు కుప్పకూలి ప్రాణం మీదికి రావచ్చు. విడత వాయిదా వేశాం.

కారణం వెతకాలి. కొరియాలో మొదట చూసేది హెపటైటిస్ బి. కీమోతో నిద్ర లేచే వైరస్ అది. ఉపరితల యాంటిజెన్ నెగెటివ్, వైరస్ డీఎన్ఏ లేదు. అల్ట్రాసౌండ్‌లో కాలేయంలో గడ్డల్లేవు, కొద్దిగా కొవ్వుంది. కీమో మందులే చేశాయా? చేయొచ్చు, కానీ మూడు విడతలు హాయిగా భరించిన కాలేయం నాలుగోసారి ఇంతగా అలగడం మామూలు సంగతి కాదు. నర్సు ఫారం తీసి అడిగింది: ‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’ లేదు. ‘హన్యాక్?’ లేదండీ, డిసెంబరులోనే మానేశాను. అప్పుడు బయటపడింది ఆ పాత సంగతి. ప్రొఫెసర్ తల పైకెత్తి చూశారు. కానీ మానేసి ఏడు వారాలైన కషాయం మీద ఇప్పుడు నేరం మోపడానికి లేదు.

బయట వరండాలో మైనస్ ఏడు డిగ్రీల చలిని అద్దాల అవతల చూస్తూ ఆవిడ పక్కన కూర్చున్నాను. వాయిదా పడ్డ విడతకన్నా, నెలలు లెక్కేసి పెట్టుకున్న వరస చెడిందన్న బాధ ఎక్కువున్నట్టుంది ఆవిడకు. నేను దగ్గాను. రెండు రోజులుగా జలుబు. ఆవిడ సంచీలోంచి థర్మాస్ తీసి, స్టీలు మూత గిన్నెలో వేడినీళ్లు పోసి, అందులో అరచేయంత ప్లాస్టిక్ ప్యాకెట్ ఒకటి ముంచి, రెండు నిమిషాల తర్వాత తీసి తుడిచి, కోణం చించి, రెండు చేతులా నాకు అందించారు. ‘తాగండి, సొన్‌సెంగ్‌నిమ్ (డాక్టరు గారూ). చలికి మంచిది.’ లోపల కాఫీ రంగు ద్రవం. తేనె వేసిన మట్టి వాసన.

‘ఇది హన్యాకా?’ అన్నాను.

‘అయ్యో, కాదు. మందు కాదు. ఒంటికి మంచిది, అంతే.’

ఈ మాట నేను విజయవాడలో ఎన్ని వందలసార్లు విన్నానో! ‘మందులేం వాడట్లేదు మేడం’ అన్నవాళ్ల బుట్టలో లక్ష్మణ ఫలం ఆకుల కషాయం సీసా ఉంటుంది. మందంటే డాక్టరు రాసేది. కషాయం ఇంట్లోది, వంటింటి సరుకు, దానికి చీటీ అక్కర్లేదు. కొరియన్ భాషలో మందు అని అర్థమిచ్చే ‘యాక్’ అనే మాటకు సరిగ్గా ఇదే హద్దుంది. మా ఫారంలోని రెండు ప్రశ్నలూ ‘యాక్’ తోనే ఉన్నాయి. ఆవిడ రెండింటికీ నిజమే చెప్పారు.

ప్యాకెట్ తాగలేదు. జేబులో వేసుకున్నాను. మర్యాద తప్పినట్టయిందని ఆవిడ ముఖంలో కనిపించింది.

తర్వాత తెలిసినదిది. సొల్లాల్‌కు వచ్చిన పెద్దక్క, అంటే ఒన్నీ, 90 ప్యాకెట్ల పెట్టె తెచ్చింది. అది హనుయివన్‌ది కాదు, కన్‌గాంగ్‌వన్‌ది. కొరియాలో ప్రతి పేటలోనూ కనిపించే దుకాణాలివి. ఉల్లిపాయల దగ్గర్నుంచి నల్లమేక మాంసం దాకా మనం ఏది పట్టుకెళితే దాన్ని పెద్ద స్టీలు కుండల్లో గంటల తరబడి ఉడికించి, పిండి, ప్యాకెట్లలో సీలు చేసి ఇస్తారు. అక్కడ వైద్యుడెవరూ ఉండరు. అక్క సియోల్‌లోని జెగి-దొంగ్ మూలికల బజారుకు వెళ్లి వేర్లు కొని, తమ ఊరి కన్‌గాంగ్‌వన్‌లో ఇచ్చి కాయించింది. పెట్టె మూత మీద మార్కరుతో రాసిన జాబితా ఉంది: ఎర్ర జిన్సెంగ్, సాంగ్‌హ్వాంగ్ పుట్టగొడుగు, ఎండు రేగుపండు, హాసూఒ.

ఆ చివరిది చూశాక నాకు జలుబు పోయింది. హాసూఒ ఒక తీగ వేరు. దాన్ని తిన్న ముసలాయన తల కాకిలా నల్లబడిందని కథ, పేరే ఆ కథలోంచి వచ్చింది. జుట్టు ఊడిన చెల్లెలికి జుట్టు నల్లగా తిరిగి రావాలని అక్క తెచ్చింది. కాలేయాన్ని దెబ్బతీసే మూలికల జాబితా ఏ దేశంలో రాసినా అందులో ఈ వేరు పైవరసలో ఉంటుంది.

జనవరి 24 నుంచి ఫిబ్రవరి 15 దాకా, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. 46 ప్యాకెట్లు. లెక్క ఆవిడే చెప్పారు.

ఆ మధ్యాహ్నం నేను చేసిన పని మా విభాగంలో అప్పటికి ఎవరూ చేసినట్టు లేదు. ప్రొఫెసర్ అనుమతి తీసుకుని, నర్సు చేత ఆ వీధి చివరి హనుయివన్‌కు ఫోన్ చేయించాను. అనుమతి ఇస్తూ ఆయన ‘అడగండి, చెబుతారేమో చూద్దాం’ అన్నారు. ఆ హనుయిసా యాభై దాటిన మహిళ. ఫోన్లో మొదటి అర నిమిషం ఆవిడ గొంతు బిగుసుకుపోయి ఉంది, తప్పు తన మీదకు నెడతారని కాబోలు. తాను రాసిన మందు వివరాలన్నీ చదివి వినిపించారు. బొజుంగిక్కితాంగ్ అనే పాత యోగం, నీరసానికిచ్చేది. అందులో హాసూఒ లేదు. కన్‌గాంగ్‌వన్ మాట చెప్పగానే గొంతు మారింది. ‘ఏ హాసూఒ? పచ్చిదా, శుద్ధి చేసిందా?’ అన్నారు. నల్ల సోయా రసంలో ఉడికించి ఆరబెట్టిన వేరు వేరు, ఊరికే ఎండబెట్టింది వేరట. మన దగ్గర వత్సనాభిని, నల్లజీడిని శోధించకుండా వాడరని చెప్పే ఆయుర్వేద డాక్టరు గొంతు అచ్చం అలాగే ఉంటుంది. శుద్ధి చేసినదానితోనూ కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయని నేనన్నాను. ‘ఉన్నాయి. అందుకే కీమోలో ఉన్నవాళ్లకు నేనివ్వను’ అన్నారు.

ఇంకో చిక్కూ ఆవిడే చెప్పారు. బజారులో హాసూఒ అంటే అసలు హాసూఒ ఇవ్వొచ్చు, బేక్‌సూఒ అనే వేరే మొక్క వేరు ఇవ్వొచ్చు. పేర్లు దగ్గరివి, మొక్కలకు చుట్టరికమే లేదు. ఆ బేక్‌సూఒకు కూడా నకిలీ ఉంది. మెనోపాజ్ ఇబ్బందులకని కొరియా మహిళలు ఎగబడి కొన్న బేక్‌సూఒ ఉత్పత్తులను 2015లో వినియోగదారుల సంస్థ పరీక్షిస్తే, ఎక్కువ వాటిలో ఉన్నది చూడటానికి అలాగే ఉండే మరో తీగ వేరని తేలి దేశమంతా గగ్గోలైంది. కాబట్టి ఆ 90 ప్యాకెట్లలో ఉడికిన వేరు ఏదో అక్కకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియకపోవచ్చు.

అన్నీ ఆపించాం, ఎర్ర జిన్సెంగ్‌తో సహా. ఏఎల్‌టీ వారానికొకసారి చూస్తే 131, 62, 38. మార్చి 9న డోసిటాక్సెల్ మొదలైంది. మూడు వారాల జాప్యం. ‘మూలిక వల్లే’ అని కేస్ షీట్‌లో రాయలేదు, ‘బహుశా మూలికా ద్రవం వల్ల’ అని రాశాం. నాలుగో విడత కీమో జరిగింది కూడా ఆ మూడు వారాల్లోనే. ఆపగానే తగ్గిందంటే కీమో మందుకూ అది వర్తిస్తుంది, అదీ ఆగింది కదా. మళ్లీ తాగించి చూసి రుజువు చేసుకునే పరీక్ష ఎవరూ చేయరు.

ఈ కేసును ఇక్కడితో ఆపేస్తే ‘కషాయాలు తాగకండి’ అనే బోర్డు ఒకటి రాసి గోడకు తగిలించుకోవచ్చు. చాలామంది ఆంకాలజిస్టులు అక్కడే ఆపుతారు. నేనూ ఆపేదాన్నే. కానీ రెండో డోసిటాక్సెల్ ముందు ఆవిడ ప్రొఫెసర్‌ను సూటిగా అడిగారు: ‘సూదులు వేయించుకోవచ్చా?’

నెలసరి జనవరిలోనే ఆగిపోయింది. వేడి ఆవిర్లు మొదలయ్యాయి. లెక్కల మనిషి కాబట్టి చిన్న నోటు పుస్తకంలో నిలువు గీతలు గీసి పెట్టుకున్నారు, మార్చి రెండో వారంలో రోజుకు సగటున 11. రాత్రి మూడు నాలుగుసార్లు తడిసి లేవడం, నాలుగు గంటల నిద్ర. పాదాలు దూదిమీద నడిచినట్టు. ప్రొఫెసర్ ఆవిర్లు తగ్గించే వెన్లాఫాక్సిన్ మాత్ర రాస్తానన్నారు. అది మానసిక రోగులకిచ్చే మాత్ర అని ఎక్కడో చదివి వద్దన్నారు. ప్రొఫెసర్ నా వైపు ఒకసారి చూసి, ‘పొడిపించుకోండి. తాగకండి’ అన్నారు. ఆయన నుంచి వచ్చిన అతి పెద్ద రాయితీ అది.

షరతులు నేనే రాసి, నర్సు కొరియన్‌లోకి మార్చాక ఫ్యాక్స్ చేశాం. కీమో అయిన మొదటి రెండు వారాలు సూది వద్దు, ఎందుకంటే తెల్లకణాలు అట్టడుగున ఉండేది అప్పుడే. మూడో వారంలో కూడా న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వెయ్యి, ప్లేట్‌లెట్లు యాభై వేలు దాటితేనే. గ్రంథులు తీసిన ఎడమ చేతికి సూది పెట్టకూడదు. పాదాలకు మోక్సా వద్దు, తిమ్మిరెక్కిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు. తేనెటీగ విషం ఎక్కించే సూదులు అసలే వద్దు. సాయంత్రానికి హనుయిసా జవాబు వచ్చింది. అన్నిటికీ సరే, కింద ఒక వాక్యం: ‘ఎడమ చేతికి నేనెలాగూ పెట్టను. కప్పింగ్ కూడా వద్దని మీరు రాయడం మరిచారు.’

ఏప్రిల్‌లో ఒకరోజు లెక్కల టీచరుతో కలిసి ఆ హనుయివన్‌కు వెళ్లాను. రెండో అంతస్తులో నాలుగు మంచాలు, మధ్యలో తెరలు. గది నిండా కాల్చిన మాచిపత్రి వాసన, పక్క తెర వెనక ముసలాయన నడుముకు మోక్సా పెట్టించుకుంటున్నాడు. గోడకు చిన్న చిన్న చెక్క సొరుగుల బీరువా. హనుయిసా ఎదురుగా కూర్చుని ఆవిడ మణికట్టును మెత్తటి దిండు మీద పెట్టించి మూడు వేళ్లు ఆనించారు. కళ్లు మూసుకున్నారు. నేను గడియారం చూశాను: కుడి చేయి నిమిషం పది సెకన్లు, ఎడమ చేయి నిమిషం. నాలుక చూశారు. చేయి తీసుకుని వేళ్ల చివర్లు నొక్కి చూశారు. నిద్ర, మలవిసర్జన, పొత్తికడుపు చల్లగా ఉంటుందా, చెమట ముందు మెడకా ముఖానికా, ఆ సమయంలో గుండెలో ఏమనిపిస్తుంది, అన్నీ అడిగారు.

‘ఛాతీ బిగుసుకుపోతుంది. లోపల నిప్పులా’ అన్నారు ఆవిడ.

‘ఎప్పటినుంచి?’

నేను కీమో నుంచి అంటారనుకున్నాను. ‘పెళ్లైనప్పటి నుంచి’ అన్నారు.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు అత్తగారి గురించి. నాకు సగమే అర్థమైంది. కొరియన్‌లో హ్వాబ్యంగ్ అనే మాటుంది, నిప్పు జబ్బని అర్థం. ఏళ్ల తరబడి మింగిన కోపం ఛాతీలో గడ్డకట్టి వేడిగా పైకి తన్నుకొస్తుందని. అమెరికా మనోవైద్యుల 1994 నాటి మానసిక వ్యాధుల పుస్తకం డీఎస్‌ఎం-4 అనుబంధంలో కూడా దానికి చోటు దొరికింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన చాలామంది కొరియా మహిళలు తమ జబ్బుకు అదే కారణమని నమ్ముతారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని నేను చెప్పగలను. కానీ గుండెల మీద కుంపటి అనే మాట ఉన్న భాషలో పుట్టినదాన్ని, అర్థం కాలేదని మాత్రం చెప్పలేను. మా విభాగంలో ఆరు నెలలుగా ఆవిడ ఈస్ట్రోజెన్ గ్రాహకాల శాతం మాకు తెలుసు, అత్తగారి సంగతి తెలియదు. తెలిసి చేసేదేమీ లేదనుకోండి. అయినా వరండాలో ఇన్నాళ్లు పక్కన కూర్చున్నదాన్ని నేను.

సూదులు వెంట్రుకల్లా ఉన్నాయి, 0.25 మిల్లీమీటర్ల మందం. సన్నటి గొట్టంలోంచి వేలితో ఒక్క తట్టు తట్టి దించుతారు. నడినెత్తిన ఒకటి, కుడి మణికట్టు లోపల ఒకటి, రెండు మోకాళ్ల కింద, రెండు చీలమండల పైన. పొట్ట మీదికి ఎర్రదీపం. ఇరవై నిమిషాలు. ఆవిడ గురక పెట్టారు. ఆవిడ నిద్రపోవడం చూడటం నాకదే మొదటిసారి.

జూన్ మధ్యకల్లా మొత్తం 14 సార్లు అయ్యాయి. నోటు పుస్తకంలో వేడి ఆవిర్లు రోజుకు 5. నిద్ర ఐదున్నర గంటలు. పాదాల తిమ్మిర్లు రవ్వంత కూడా తగ్గలేదు. మేలో ఎడమ చేయి వాచింది, దానికి సూదులతో పనిలేదని ఆవిడా నేనూ హనుయిసా ముగ్గురం ఒప్పుకుని రిహాబిలిటేషన్ విభాగానికి పంపాం. పట్టీలు కట్టి, మసాజ్ చేసి, స్లీవ్ తొడిగారు.

ఆ 5 అంకెను సూదుల ఖాతాలో వేయమంటే నాకు చేయి రాదు. డోసిటాక్సెల్‌తో పాటు విడతకు మూడు రోజులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తాం. దానితోనే ముఖం ఎర్రబడుతుంది, నిద్ర పట్టదు. మే 11న ఆఖరి విడతతో అదీ ఆగింది. ఇటలీలో 190 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగి 2016లో వచ్చిన అధ్యయనంలోనూ, అమెరికా, చైనా, కొరియాల్లో సమాంతరంగా జరిపి 2024లో ప్రచురించిన 158 మంది అధ్యయనంలోనూ సూదులు వేయించుకున్నవారికి వేడి ఆవిర్లు బాగా తగ్గాయి. కానీ ఆ రెండింటిలోనూ ఉత్తుత్తి సూదులతో పోల్చలేదు. అరొమటేస్ నిరోధకాలనే హార్మోన్ మాత్రలతో వచ్చే కీళ్లనొప్పులపై 226 మందితో జరిగిన అమెరికా అధ్యయనంలో అలా పోల్చితే, అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా పది పాయింట్ల కొలతలో దాదాపు ఒకటి. ఒక పాయింటంటే ఎంతో నేను చెప్పలేను, నొప్పి ఉన్నవాళ్లే చెప్పాలి. మణికట్టు మీద మూడు వేళ్లు రెండు నిమిషాలు ఆనించడానికి ఎన్ని పాయింట్లో ఎవరూ కొలవలేదు.

రేడియేషన్ అయ్యాక జూలైలో టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర, దానితో పాటు అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ సూది నాలుగు వారాలకోసారి మొదలుపెట్టాం. కీమో తర్వాత కూడా అండాశయాలు మేలుకునే వయసువాళ్లకు ఇలా రెండేళ్లు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపిన అధ్యయనం కొరియన్లదే. ఆగస్టుకల్లా ఆవిర్లు మళ్లీ 9కి ఎక్కాయి. ఈసారి హనుయిసా కామిసోయోసాన్ అనే పొడి ఇవ్వొచ్చా అని ఫ్యాక్స్ పంపారు. ప్రొఫెసర్ వద్దన్నారు. టామాక్సిఫెన్ పనిచేయాలంటే కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్చాలి. ఆ పొడిలోని మూలికలు ఆ ఎంజైముతో ఎలా మెలుగుతాయో తెలియకుండా ఇవ్వడం నాకూ ఇష్టం లేదు. కొన్ని డిప్రెషన్ మాత్రలు అదే ఎంజైమును అడ్డుకుంటాయి కాబట్టే, దాని జోలికి పెద్దగా పోని వెన్లాఫాక్సిన్‌ను మేం ఎంచుకున్నదని జవాబులో రాశాను. వారం తర్వాత లెక్కల టీచరు వచ్చి వెన్లాఫాక్సిన్ రాయమన్నారు. ఎందుకు మనసు మారిందని అడిగితే, ‘ఆ మాత్ర కూడా నిప్పునే దించుతుంది, వేసుకో అన్నారు హనుయిసా’ అన్నారు. ప్రొఫెసర్ చీటీ రాస్తూ నవ్వు దాచుకున్నారు. నెలల తరబడి మేం చెప్పి ఒప్పించలేనిది, హనుయిసా తన భాషలో ఒక్క వాక్యంలో ఒప్పించారు.

ఇదంతా ఆ దేశపు సంప్రదాయ వైద్యానికి కితాబు కాదు. ఆవిడ పక్క కుర్చీలో కీమో ఎక్కించుకున్న మరో మహిళ, విడతకు విడతకు మధ్య ఒక హన్‌బాంగ్ (సంప్రదాయ వైద్య) ఆసుపత్రిలో చేరి మిసిల్టో మొక్క రసం సూదులు, ఒంటిని వేడిచేసే హైపర్‌థెర్మియా చేయించుకునేది. ప్రైవేటు బీమా కట్టేది కాబట్టి ఎన్ని రోజులైనా ఉంచుకునేవారు. ఆ బిల్లు చూసి నాకు మన దగ్గరి కొన్ని ‘వెల్‌నెస్’ కేంద్రాలు గుర్తొచ్చాయి. వీధి చివర నాలుగు మంచాల హనుయివన్‌నూ, ఆ హోటల్ లాంటి ఆసుపత్రినీ ఒకే గాటన కట్టలేను.

విజయవాడ తిరిగొచ్చాక నా ఫారంలో ఒక ప్రశ్న మార్చాను. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ తీసేసి, ‘ఒంటికి మంచిదని ఎవరైనా ఏమైనా ఇచ్చారా, పొద్దున లేచి ఏం తాగుతున్నారు’ అని పెట్టాను. కింద, ‘పథ్యం ఏమైనా చేస్తున్నారా’ అని. ఈ రెండోది హనుయిసా దగ్గర నేర్చుకున్నాను. హన్యాక్ తాగేవాళ్లు కోడి, పంది మాంసం, మైదా మానేస్తారట, కొన్ని వేర్లు పడే మందులో ఉంటే ముల్లంగి కూడా తినరు, తింటే జుట్టు నెరుస్తుందని. మందు దాచేవాళ్లు కూడా పథ్యం దాచరు. వంకాయ మానేశానంటే ఎక్కడో లేహ్యం నడుస్తోందని అర్థం. సీసాలు, పొట్లాలు సంచీతో సహా తెమ్మంటాను. తెస్తున్నారు. టేబుల్ నిండిపోతోంది.

2023 ఆగస్టు చివర్లో, నేను బయల్దేరే ముందు వారం, ఆవిడ ఆఖరుసారి కనిపించారు. ఏఎల్‌టీ 22. విగ్గు తీసేసి వచ్చారు. బొటనవేలి గోరంత పొడవున జుట్టు, ఉంగరాలు తిరిగి, నల్లగా. కీమో తర్వాత మొదట అలా ఉంగరాలతోనే వస్తుంది. కొడుక్కి సీటొచ్చింది, ఊరు దూరం.

‘ఒన్నీ చూసి మురిసిపోతోంది. తన ప్యాకెట్లు ఊరికే పోలేదంటోంది’ అన్నారు.

మిగిలినవి పారేశారా అని అడిగాను. తను తాగినవి 46, నాకిచ్చింది ఒకటి, హనుయిసాకు చూపించడానికి తీసుకెళ్లినవి రెండు.

‘41 ఉన్నాయి. కిమ్చీ ఫ్రిజ్‌లో, కింది అరలో’ అన్నారు. ‘అక్క డబ్బు పెట్టి కాయించింది కదా, సొన్‌సెంగ్‌నిమ్. ఎలా పారేస్తాను?’